పందొమ్మిది రోజుల సున్నా

నీళ్ళ ఆఫీసులో ఆమెను డబ్బా అక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. ఆ పేరు రావడానికి కారణం ఇరవై ఆరేళ్ళపాటు ఆమె కనిపెట్టుకుని ఉన్న ఒక బూడిదరంగు కంప్యూటరు. బీరువా అంత ఉండేది. నడుస్తున్నంతసేపూ గుయ్యిమంటూ గదంతా వేడిగాలి చిమ్మేది. అందరికీ అది డబ్బా. ఆమెకు మాత్రం దాని గొంతులో తేడా వస్తే ఒంట్లో నలతగా ఉందని తెలిసిపోయేది.

ఆ డబ్బా చేసే పనుల్లో ప్రాణం మీదకి తెచ్చేది ఒక్కటే. ఊళ్ళో నంబర్లు వేసిన కొళాయిలు రెండు వందల పన్నెండు. రోజూ పొద్దున్నే మనుషులు తిరిగి వాటినుంచి సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు. రోడ్డుకి అవతల ఉన్న ల్యాబులో పరీక్ష చేసి, మర్నాడు మధ్యాహ్నానికి కొళాయికి ఒక లైను చొప్పున ఫైల్లో రాస్తారు. లైను చివర మంచి అనో చెడు అనో ఒక మాట ఉంటుంది. డబ్బా అక్క ఉద్యోగంలో చేరిన రెండో ఏడు రాసిన నలభై లైన్ల స్క్రిప్టు ఆ ఫైలు చదివి, చెడ్డవి ఎన్నో లెక్కపెడుతుంది. ఒకటైనా ఉంటే వాల్వు మేస్త్రీ షెడ్డులో చీటీ అచ్చవుతుంది. మేస్త్రీ మనుషులు వెళ్ళి ఆ లైను కట్టేసి, గొట్టాలు కడిగి, మందు కలిపి, కాచి తాగండని వీధిలో చెప్పి వస్తారు. ఒక్కటీ లేకపోతే "ఈ రోజు చెడ్డ కొళాయిలు: 0" అని ఒక కాగితం వస్తుంది. ఆ అంకె తప్పయితే ఊరు చెడ్డ నీళ్ళు తాగుతుంది. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

డబ్బాకి విడిభాగాలు దొరకడం మానేసి నాలుగేళ్ళయింది. కొత్త యంత్రం తెస్తామన్నప్పుడల్లా ఆమె ఏదో ఒక వంక పెట్టేది. అన్నీ ఉత్త వంకలు కావు, సగం నిజాలే. కానీ ఆఫీసువాళ్ళకి అదో కాలక్షేపం అయిపోయింది. "రిటైరయ్యాక అక్క దీన్ని ఇంటికి తీసుకుపోయి పక్కన మంచం వేసుకుంటుంది" అనేవారు. ఆమె నవ్వేది. లోపల మాత్రం మండేది. ఇరవై ఆరేళ్ళు చేసిన పనికి చివరికి మిగిలింది ఈ వెక్కిరింతా అనుకునేది.

కొత్త యంత్రం వచ్చిన రోజు ఆ గదిలో ఎనిమిది మంది ఉన్నారు. యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజనీరు మర్యాదస్తుడు. స్క్రిప్టుని నడిపించేదే షెల్, మీది కార్న్ షెల్‌కి రాసింది, ఇందులో బాష్ ఉంది, రెండూ అన్నదమ్ముల్లాంటివే, మొదటి లైను మారిస్తే సరిపోతుంది అన్నాడు. మార్చాడు. ఆమె ముందురోజు ఫైలు తీసి రెండింటిలోనూ నడిపింది. డబ్బా సున్నా అంది. కొత్తది కూడా సున్నా అంది.

"ఇంకేమైనా పరీక్షలు చేస్తారా మేడమ్? కావాలంటే ఒక వారం రెండూ పక్కపక్కన నడుపుదాం" అన్నాడు ఇంజనీరు.

ఆమె నోటి చివర "నడుపుదాం" అనే ఉంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఆమెకు ఒళ్ళంతా చెవులైనట్టయింది. వారం అంటే డబ్బాని వదల్లేక అందనుకుంటారు. సాగనంపడానికి మీనమేషాలు లెక్కపెడుతోందంటారు. పౌరుషం వచ్చేసింది.

"అక్కర్లేదండీ. సరిగ్గానే ఉందిగా" అని, రెండూ ఒకే ఫలితం ఇచ్చాయన్న కాగితం మీద సంతకం పెట్టింది. సాయంత్రానికి డబ్బాని నలుగురు మోసుకుపోయారు. ఆమె కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు.

ఆ తరువాత పందొమ్మిదో రోజు, భోజనాల వేళ దాటాక, వాల్వు మేస్త్రీ ఆమె గదికి వచ్చాడు. పొట్టిగా, బలంగా ఉంటాడు. కూర్చోమన్నా కుర్చీ అంచునే కూర్చుంటాడు, ప్యాంటుకి ఎప్పుడూ బురద కాబట్టి. ఆ రోజు ప్యాంటు శుభ్రంగా ఉంది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"అక్కా, మావాళ్ళకి పేక బాగా వచ్చేసింది" అన్నాడు.

"అదేంటి మేస్త్రీగారూ?"

"పనేదీ? కొత్త మిషను వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క చీటీ లేదు. ఊళ్ళో నీళ్ళు అమృతం అయిపోయినట్టున్నాయి. పెద్దసారు మీటింగులో గొప్పగా చెప్పుకున్నారట కూడా." నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "నా సర్వీసులో వారం దాటి చీటీ రాకుండా ఎప్పుడూ లేదక్కా. మొన్న అంత వాన పడిందా, వాన పడితే రెండైనా రావాలి. నాకెందుకో బాగాలేదు."

డబ్బా అక్క కుర్చీ తెర వైపు తిప్పుకుంది. సున్నా వచ్చిన రోజు ఆమె కూడా ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి సంతోషించింది. ఏ రోజుకారోజు సంతోషించింది. పందొమ్మిదీ కలిపి ఎప్పుడూ చూసుకోలేదు.

మేస్త్రీ ముందే ఆ రోజు ఫైలు తెరిచింది. కిందికి జరుపుతూ పోతే అరవై ఒకటో నంబరు పక్కన చెడు అని ఉంది. నూట డెబ్భై నాలుగు దగ్గర ఇంకోటి. ల్యాబువాళ్ళు శుభ్రంగా రాశారు. వాళ్ళు వంతులవారీగా ముగ్గురు. రాయడం వరకే వాళ్ళ పని, రాస్తే చీటీ దానంతట అదే పోతుందని ఇన్నేళ్ళ నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది ఈమే.

స్క్రిప్టులో లైను లైనుకీ తిరిగి తిరిగి లెక్కపెట్టే లూపు లోపల ఒక లైను చేర్చింది. లెక్క పెరిగినప్పుడల్లా తెర మీద చూపించమని. నడిపింది. 1 అని పడింది. 2 అని పడింది. లూపు అయిపోయింది. దాని కిందే "ఈ రోజు చెడ్డ కొళాయిలు: 0" అని వచ్చింది.

"రెండు దాకా లెక్కపెట్టి సున్నా అంటుందేంటి? దీనికేమైనా మతిమరుపా?" అన్నాడు మేస్త్రీ.

ఆమెకు అర్థమైపోయింది. మంచినీళ్ళు తాగి చెప్పింది.

"షెల్ అంటే మేనేజరు లాంటిది మేస్త్రీగారూ. మనం రాసిన పనుల చిట్టా చదివి ఒక్కొక్కటీ చేయిస్తుంది. ఇక్కడ రెండు పనులు పైపుతో కలిపి ఉన్నాయి. మీ పైపు కాదు, మా పైపు. మొదటి పని, ఫైల్లోంచి చెడు అన్న లైన్లు ఏరి పైపులోకి తొయ్యడం. రెండోది, ఇటువైపు వాటిని పట్టుకుని లెక్కపెట్టడం. పాత కార్న్ షెల్ మొదటి పనికి కూలీని పెట్టి, చివరి పని మాత్రం తనే కూర్చుని చేసేది. ఈ బాష్ రెండిటికీ కూలీలనే పెడుతుంది. లెక్కపెట్టేవాడికి తన పలకకి నకలు తీసి ఒక పలక ఇస్తుంది. వాడు దాని మీద ఒకటి, రెండు అని రాసుకుంటాడు. పనైపోగానే పలక చంకన పెట్టుకుని వెళ్ళిపోతాడు. మేనేజరు తన పలక చూసుకుంటే మొదట్లో రాసిన సున్నాయే ఉంటుంది."

"వెళ్ళేవాణ్ణి ఆపి ఎంతయ్యిందిరా అని అడగొచ్చు కదా?"

"అడగదు. పని సరిగ్గా అయిందా అని ఒక్కటే అడుగుతుంది. అయింది అంటాడు. నిజమేగా, వాడు సరిగ్గానే లెక్కపెట్టాడు."

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "అయితే తప్పెవరిది? బాష్‌దా?"

"దాని పద్ధతి దానిది. పుస్తకంలో రాసే ఉంది."

పుస్తకంలో ఉండటమే కాదు, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె తన నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకుంది కూడా. ఫలానా షెల్లు పైపు చివరి పనిని తనలోనే నడుపుతాయి, ఫలానావి పిల్ల ప్రాసెస్‌లో, అంటే కూలీ చేత, నడుపుతాయి, అందులో మారిన విలువలు బయటికి రావు. తెలియని విషయమైతే ఇంత బాధ ఉండేది కాదు. కొత్త యంత్రం వచ్చిన రోజు పరీక్షకి వాడిన ఫైలు తెరిచి చూసింది. రెండు వందల పన్నెండు లైన్లూ మంచి. చెడ్డదే లేని రోజున ఏ షెల్లయినా సున్నాయే అంటుంది. సంతకం పెట్టేముందు ఒక్క చెడ్డ లైను తన చేత్తో చేర్చి నడిపి ఉంటే అక్కడికక్కడే బయటపడేది. ఐదు నిమిషాల పని.

దిద్దడానికి ఎంతోసేపు పట్టలేదు. పైపు తీసేసింది. చెడ్డ లైన్లని ముందు ఒక ఫైల్లో పోసి, లూపుని ఆ ఫైల్లోంచి చదువుకోమంది. అప్పుడు కూలీతో పని లేదు, బాష్ తనే కూర్చుని లెక్కపెడుతుంది. మూడు దొంగ చెడ్డ లైన్లు పెట్టి నడిపితే మూడు అంది. తీసేస్తే సున్నా అంది. తరువాత పందొమ్మిది రోజుల ఫైళ్ళూ వరసగా నడిపింది. పదకొండు చెడ్డ లైన్లు, ఆరు కొళాయిలు. అరవై ఒకటో నంబరు ఒక్కటే నాలుగుసార్లు, మొదటిసారి రెండో రోజునే.

ఆ ఆరు నంబర్లలో ఆమె మొట్టమొదట వెతికింది తన వీధి కొళాయిని. లేదు. హమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయింది.

చీటీలు చేతిలో పడగానే మేస్త్రీ షెడ్డులో పేకముక్కలు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. ఆమె కాగితాలన్నీ పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. పెద్దసారు చెడ్డవాడు కాదు, గొడవలంటే భయం, అంతే. అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"యంత్రం మార్పు వల్ల సమాచారం అందలేదు అని రాద్దాం. మధ్యలో మీ పేరెందుకమ్మా. ఇంకో మూడేళ్ళలో రిటైరవుతారు. అయినా అందులో అబద్ధమేముంది?"

అబద్ధమేమీ లేదు. సమాచారం అందలేదు. ఆమె ఆ వాక్యమే టైపు చేసి ఇచ్చింది. మర్నాడు పైకి పంపుతానన్నాడు పెద్దసారు.

ఇంటికి వెళ్ళేసరికి భర్త హాల్లో దీపం కింద కళ్ళజోడు చట్రానికి మర బిగిస్తున్నాడు. ఆయనది కళ్ళద్దాల దుకాణం, మిగిలిన పని ఇంటికి తెచ్చుకుంటాడు. అత్తగారు పక్కన కూర్చుని, పడిపోయే మరలు ఏరి మూతలో వేస్తోంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, చూపు మాత్రం సూదిలో దారం ఎక్కించేంత. డబ్బా అక్క జరిగింది చెప్పింది.

"పేరు లేకుండా రాద్దామన్నాడుగా, ఇంకెందుకు మొహం అలా వేలాడేశావు?" అన్నాడు భర్త.

"ఇచ్చేముందు ఆ కాగితం చదివావు కదే?" అంది అత్తగారు.

"చదివాను అత్తయ్యా. ఒక్క మాట కూడా తప్పు లేదు."

"మరి?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అత్తగారు వెనకే వచ్చి ఆమెకు భోజనం వడ్డించింది. డబ్బా అక్క సగం వదిలేసింది.

పొద్దున్నే మేస్త్రీతో పాటు అరవై ఒకటో నంబరు వీధికి వెళ్ళింది. ఆఫీసు మనిషి వీధిలోకి రావడం ఎప్పుడూ లేదు. మేస్త్రీ వింతగా చూశాడు. బస్సుల డిపో వెనక ఇరుకు వీధి అది. మూలన కొళాయి, దాని పక్కన సైకిళ్ళు బాగుచేసే కొట్టు, ఎదురుగా ఒక మెస్సు. డిపోలో పనిచేసేవాళ్ళు పన్నెండు మంది అక్కడ నెలవారీగా తింటారు. మేస్త్రీ మనుషులు, రాత్రి బాగా పొద్దుపోయాక కట్టేసిన గొట్టం విప్పి కడుగుతుంటే మెస్సు నడిపే ఆవిడ తడి చేతులతో బయటికి వచ్చింది.

"నీళ్ళు బాగాలేవా? ఎప్పట్నుంచి?" అంది.

డబ్బా అక్క చెప్పింది.

"మా దగ్గర తొమ్మిది మందికి వరసగా కడుపులో తిప్పింది. ఇద్దరికి సెలైన్లు ఎక్కించారు. గిన్నెలు సరిగ్గా తోమట్లేదని మామ్మని తీసేశాను. పద్నాలుగేళ్ళ నుంచి చేస్తోంది." మళ్ళీ తనే సర్దుకుంది. "పెద్దదైపోయింది కదండీ, చూపు ఆనదేమోననుకున్నా. ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది?"

"ఆవిడ ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. అందరూ తింటున్నప్పుడే అన్నాను నేను. చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది." ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని, "మళ్ళీ రమ్మని కబురు పెడదామనే అనుకుంటున్నా" అంది.

డబ్బా అక్క ఇల్లెక్కడో అడిగి బయల్దేరింది. రెండు వీధుల అవతల, చెక్క మెట్లెక్కితే ఒంటిగది. మంచం, స్టవ్వు, తాళం లేని ఒక పెట్టె. గోడవారగా బోర్లించిన నాలుగు గిన్నెలు కిటికీ వెలుగుకి మెరుస్తున్నాయి. మామ్మకి డెబ్భై దగ్గర ఉంటాయి. వేళ్ళ చివర్లు నాని నాని తెల్లగా, ముడతలు పడిపోయి ఉన్నాయి.

"మామ్మగారూ, నేను నీళ్ళ ఆఫీసు నుంచి వచ్చాను. మెస్సులో వాళ్ళకి జబ్బు చేసింది మీ గిన్నెల వల్ల కాదు. నీళ్ళ వల్ల."

"నాకు తెలుసు" అంది మామ్మ.

"మీకెలా తెలుసు?"

"తోమింది నేను కాబట్టి."

మామ్మ మంచం మీద చోటు చూపిస్తే డబ్బా అక్క కూర్చుంది.

"మరి నీళ్ళు చెడ్డాయని మీ ఆఫీసులో ఎవరికీ తెలియలేదా అమ్మాయ్?"

"తెలిసింది. రెండో రోజే ల్యాబులో రాసిపెట్టారు. ఆ సమాచారం అందలేదు."

"ఎవరికి అందలేదు?"

"ఆఫీసుకి."

"ఆఫీసంటే ఎవరు?"

ఆమె తల వంచుకుంది. "నేనే."

"అందలేదా, నువ్వు చూడలేదా?"

మామ్మ కోపంగా అడగలేదు. నిజంగా తేడా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. ఇరవై ఆరేళ్ళలో పెద్దసారు గానీ, పెద్దసారుకి పైవాళ్ళు గానీ ఆమెను ఇంత సూటిగా ఏదీ అడిగి ఎరగరు. షెల్లులూ పైపులూ పక్కన పెట్టింది.

"చూడలేదు మామ్మగారూ. పాత కంప్యూటరంటే నాకు ఇష్టమని అందరూ నవ్వుతారని, ఇంకోసారి చూడకుండా సంతకం పెట్టాను."

మామ్మ అంతా అర్థమైనట్టు తల ఊపలేదు. పాపం అని కూడా అనలేదు. "ఈ మాట ఇక్కడ నా ఒక్కదానికి చెప్తే ఏం లాభం?" అంది. "ఆవిడ నన్నన్నది నలుగురిలో."

డబ్బా అక్క మెట్ల మీదే నిలబడి ఆఫీసుకి ఫోను చేసింది. "ఆ కాగితం పంపకండి సార్. ఒక వాక్యం మార్చాలి. అవును సార్, నా పేరు పెట్టే మారుస్తాను." అవతల పెద్దసారు ఏదో నచ్చజెప్పబోయాడు. మామ్మ చెప్పులు వేసుకుని కిందికి దిగుతోంది, ఆలస్యమవుతుందని ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యే వేళకి ఇద్దరూ మెస్సుకి వచ్చారు. బల్లల దగ్గర ఏడెనిమిది మంది డిపో మనుషులు ఉన్నారు. ఒకడింకా నీరసం తగ్గక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మామ్మని చూసి తినేవాళ్ళు చేతులాపారు. డబ్బా అక్క ఎప్పుడూ పదిమంది ముందు మాట్లాడిన మనిషి కాదు. బల్ల అంచు పట్టుకుంది.

"మీ జబ్బులకి కారణం మామ్మ గిన్నెలు కాదు. వీధి కొళాయిలో నీళ్ళు చెడిపోయాయి. అది పట్టుకోవాల్సిన ప్రోగ్రాం నాది. అది తప్పు చెప్తోందని నేను చూసుకోలేదు. చూశానని సంతకం పెట్టాను."

గోడకి ఆనుకున్నవాడు ఆమెను ఎగాదిగా చూసి, "మా వాడు వారం ఆసుపత్రిలో ఉన్నాడు" అన్నాడు. ఆమె తల దించుకుని "అవునండీ" అంది.

మెస్సు ఆవిడ మామ్మ వైపు సరిగ్గా చూడకుండానే, "రేపట్నుంచి వచ్చెయ్ మామ్మా" అంది.

మామ్మ గోడకున్న చెక్క దగ్గరికి నడిచి, కడిగి పెట్టిన పళ్ళేల్లోంచి ఒకటి తీసింది. మధ్యలో బొటనవేలితో రాసింది. ఆవిడ ముందు పట్టుకుని, "జిడ్డు" అంది.

మెస్సు ఆవిడ అక్కణ్ణుంచే, "బాగానే తోమిందిగా కొత్త మనిషి" అంది, చెయ్యి కూడా చాపకుండా.

మామ్మ పళ్ళెం డబ్బా అక్క వైపు తిప్పింది. ఆమె వేలు పెట్టి, అంచు నుంచి అంచు దాకా మెల్లగా రాసి చూసింది.

"జిడ్డుగానే ఉంది" అంది.